పని చేయని వాళ్ల పేర్లు పేపర్లో పెట్టమంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మీరు గుంటూరు వైపు ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ నాలుగో ఏడు. మిర్చి యార్డులోంచి, కోల్డ్ స్టోరేజీల్లోంచి తెచ్చిన ఎండుమిర్చి శాంపిల్స్‌లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎంతుందో చూసే పని. పేపర్ రాయడం అయిపోయింది. ఇప్పుడు మీ గైడ్ గారు హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారి పేరు రెండోది, వేరే కాలేజీలో ఉన్న తన ఫ్రెండ్ పేరు మూడోది పెట్టమంటున్నారు, ఇద్దరూ ఈ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు కాదు. కాదంటే థీసిస్ మీద సంతకం దగ్గర ఇబ్బంది పెడతారేమోనని మీ భయం. ఇది కాక, ఇంకో పేపర్ ఐదు నెలలుగా ఒక జర్నల్లో కదలకుండా ఉంది, వేరే జర్నల్‌కి కూడా పంపేయొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తా. ఆ రెండు పేర్లు మీ చేత్తో మీరు ఎక్కించకండి, అలాగని గైడ్ ముందు "పెట్టను" అని కూడా అనకండి. ఎవరెవరు ఏం పని చేశారో రాయమని జర్నలే అడుగుతుంది, ఆ ప్రశ్న తీసుకెళ్లి గైడ్ గారి టేబుల్ మీద పెట్టి ఏం రాయాలో ఆయన్నే చెప్పమనండి. రెండోదానికి జవాబు, వద్దు, ఒక జర్నల్లో ఉండగా ఇంకో జర్నల్‌కి పంపకూడదు. దాని సంగతి చివర్లో చెప్తా.

నేను విజయవాడలో కెమిస్ట్రీ చెప్తాను, చాలా ఏళ్లుగా గైడ్‌ని కూడా, కాబట్టి టేబుల్‌కి రెండు వైపులా ఏం జరుగుతుందో చూశాను. ఈ పేర్ల గొడవ ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఉంది, మీరొక్కరే ఇరుక్కున్నారని అనుకోకండి.

అసలు రూల్ ఏంటంటే, మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఐసీఎంజేఈ అని ఉంది, వాళ్లు ఆథర్ అనిపించుకోడానికి నాలుగు షరతులు పెట్టారు, మిగతా సబ్జెక్టుల జర్నల్స్ కూడా చాలా వరకు ఆ పద్ధతిలోనే పోతున్నాయి. ఆలోచనలోనో, డేటా తేవడంలోనో, దాన్ని విశ్లేషించడంలోనో చెప్పుకోదగ్గ పని చేసుండాలి. పేపర్ రాయడంలోనో, సీరియస్‌గా దిద్దడంలోనో పాలు ఉండాలి. ఫైనల్ కాపీ చూసి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగూ కలిపి ఉండాలి, ఏదో ఒకటి ఉంటే సరిపోదు. ఫండ్స్ తెచ్చిపెట్టడం, డిపార్ట్‌మెంట్‌ని నడపడం, ల్యాబ్ తాళం ఇవ్వడం, ఇవి ఉత్తగా కృతజ్ఞతల్లో రాసుకునేవి, అంతే.

మరి అంత పెద్దవాళ్లు ఎందుకు అడుగుతారు అంటే, అందులో పాయింట్లు ఉన్నాయి కాబట్టి. 2018 యూజీసీ రెగ్యులేషన్స్‌లో టీచర్లకి రీసెర్చ్ స్కోర్ ఉంది కదా, సైన్స్ వాళ్లకి ఒక జర్నల్ పేపర్‌కి బేస్ మార్కు 8. ఇద్దరు ఆథర్లుంటే ఒక్కొక్కరికీ 70 శాతం. ఇద్దరికంటే ఎక్కువుంటే ఫస్ట్ ఆథర్‌కి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కి (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే ఆయనకి) 70, మిగతా వాళ్లకి తలా 30 శాతం. అంటే మీ పేపర్లో ఊరికే పేరుంటే హెచ్ఓడీ గారికి ఆ బేస్ మీదే 2.4 పాయింట్లు వస్తాయి, ప్రమోషన్ ఫైల్లో అవి లెక్కకొస్తాయి. మీ గైడ్ గారు కూడా ఎవరికో మాటిచ్చి ఉండొచ్చు, "నీ పేపర్లో నా పేరు, నా పేపర్లో నీ పేరు" అని ఇద్దరు ఫ్రెండ్స్ మధ్య నడిచే ఒప్పందాలు మా దగ్గరా ఉన్నాయి. ఇది మీకు ఎందుకు చెప్తున్నానంటే, ఆయన మిమ్మల్ని అవమానించడానికి ఇది అడగట్లేదు, ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉండుండొచ్చు, అది మనసులో పెట్టుకుని మాట్లాడితే మీ గొంతులో కోపం ఉండదు, పని అవుతుంది.

ఎలా మాట్లాడాలి. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు వద్దు, హెచ్ఓడీ గారు పక్కన ఉండగా అసలే వద్దు, రాత్రి పదింటికి వాట్సాప్‌లో పొడుగు మెసేజ్ అంతకంటే వద్దు. ఆయనకి క్లాసులు లేని టైమ్ చూసుకుని, జర్నల్ సైట్లో ఆథర్ల వివరాల పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి. మాట ఇలా మొదలుపెట్టొచ్చు: "సార్, సబ్మిషన్‌కి ఫారం నింపుతున్నానండి. ప్రతి ఆథర్ ఏం పని చేశారో రాయమంటున్నారు. మీ దగ్గర ఐడియా, మెథడ్, డ్రాఫ్ట్ దిద్దడం అని రాశాను. హెచ్ఓడీ సార్ దగ్గర ఏం రాయమంటారు సార్?" అని, ఇక ఆగిపోండి. ఇంకో ముక్క కలపకండి. నాకు తెలిసిన చాలా సందర్భాల్లో గైడ్‌లు ఇక్కడే ఒక నిమిషం ఆలోచిస్తారు, ఎందుకంటే అబద్ధం నోటితో చెప్పడం తేలికేగానీ ఎదురుగా కాగితం మీద ఆ గడిలో రాయమంటే కష్టం. "సరే ఆయన పేరు అక్నాలెడ్జ్‌మెంట్‌లో పెట్టు" అన్న మాట వాళ్ల నోటి నుంచే వస్తుంది, పెద్దాయన మాట మీరు తీసేసినట్టూ ఉండదు.

కొందరు గైడ్‌లు దీనికి కూడా దారి వెతుకుతారు, "సూపర్‌విజన్ అని రాసెయ్యమ్మా" అంటారు. జర్నల్స్ వాడే క్రెడిట్ అనే పట్టికలో 14 రకాల పాత్రలున్నాయి, అందులో సూపర్‌విజన్ ఒకటి, నిజమే. కానీ ఆ పట్టిక ఆథర్ అయినవాళ్లు ఏం చేశారో చెప్పడానికి, ఎవరు ఆథరో తేల్చడానికి కాదు. అలా అంటే నెమ్మదిగా "జర్నల్ వాళ్లు ఫైనల్ కాపీ చూసినట్టు ప్రతి ఒక్కరి మెయిల్‌కీ కన్ఫర్మేషన్ పంపుతారంట సార్, హెచ్ఓడీ సార్‌కి డ్రాఫ్ట్ ఎప్పుడు పంపమంటారు" అనండి. చాలా జర్నల్స్ నిజంగానే పంపుతాయి.

హెచ్ఓడీ గారి సంగతి, ఫ్రెండ్ గారి సంగతి ఒకటి కాదని కూడా గుర్తుపెట్టుకోండి. హెచ్ఓడీ గారు మీ సబ్జెక్టు మనిషే అయితే డ్రాఫ్ట్‌తో పాటు రా డేటా కూడా ఇచ్చి "సార్, రికవరీ వాల్యూస్ మీద మీ అభిప్రాయం కావాలి" అని (మనం కలిపిన విషంలో ఎంత తిరిగి దొరికిందో చెప్పే అంకెలు అవి) అడగండి, నిజంగా కూర్చుని చూసి, ఈ గ్రాఫ్ తప్పు, ఈ స్టాటిస్టిక్స్ మళ్లీ చెయ్యండి, ఈ ముగింపు డేటాలో లేదు అని చెప్పి పేపర్ మార్పించారనుకోండి, అప్పుడాయన ఆథరే, సంతోషంగా పెట్టుకోండి. ఇంగ్లిష్ తప్పులు దిద్ది ఇస్తే మాత్రం ఆథర్ కారు. ఇక ఫ్రెండ్ గారు వేరే కాలేజీలో ఉన్నారు, మీ ల్యాబ్ మొహం చూడలేదు, ఆయన విషయంలో సర్దుబాటుకి జాగా నాకైతే కనపడట్లేదు.

ఇప్పుడు మీ అసలు భయం, సంతకం. అది ఉత్త భయం అని నేను అనను. థీసిస్ లోపలికి వెళ్లాలంటే గైడ్ సర్టిఫికెట్ కావాలి, ఆ పెన్ను ఆయన చేతిలో ఉంది. కాబట్టి అన్నింటికీ ఒకే గట్టిదనంతో నిలబడకండి. ఫస్ట్ ఆథర్ స్థానం, మీ డేటా, ఈ రెండూ ఏ పరిస్థితుల్లోనూ వదలొద్దు. డేటాలో లేని అంకె చేర్చమన్నా, మీ పేరు కిందికి దించమన్నా అప్పుడు కో-గైడ్ దగ్గరికి, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ దగ్గరికి, అవసరమైతే పైకి వెళ్లండి. యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం సెమిస్టర్‌కి ఒకసారి ఆ కమిటీ ముందు మీ పని చూపించాలి కదా, ఆ ప్రెజెంటేషన్‌లో ఏ శాంపిల్స్ ఎప్పుడు తీశారు, ఏ ఎనాలిసిస్ మీరు చేశారు అన్నది స్లైడ్‌లో స్పష్టంగా పెట్టండి, రేపు ఎవరి పని అన్న ప్రశ్న వస్తే అది మీకు రికార్డు.

ఫారం చూపించాక కూడా గైడ్ గారు "నాకు తెలుసులే, పెట్టు" అన్నారనుకోండి. అప్పుడు నేనైతే రెండు దారులు చూస్తాను. ఒకటి, కరెస్పాండింగ్ ఆథర్ ఆయనే కాబట్టి ఆ వివరాలు ఆయన లాగిన్ నుంచి ఆయన్నే నింపమనడం. ఇది పూర్తి పరిష్కారం కాదు, మీ పేరు కూడా ఆ పేపర్ మీద ఉంటుంది, కానీ అబద్ధం మీ చేత్తో రాయరు, ఆయనే రాయాల్సొస్తే మళ్లీ ఆలోచిస్తారు. రెండోది నాకు ఎక్కువ నచ్చే దారి, ఆ పేపర్‌ని థీసిస్ అయ్యేదాకా పక్కన పెట్టడం. 2022 రెగ్యులేషన్స్ వచ్చాక థీసిస్ ఇవ్వడానికి జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న షరతు యూజీసీ తీసేసింది. అయితే మీ యూనివర్సిటీ తన సొంత రూల్స్ పుస్తకం (ఆర్డినెన్స్)లో ఆ షరతు ఉంచుకుందేమో ముందు చూసుకోండి, కొన్ని ఉంచుకున్నాయి, మీ రిజిస్ట్రేషన్ ఏ ఏడాది రూల్స్ కింద ఉందో కూడా ఆఫీసులో కనుక్కోండి. షరతు లేకపోతే, లేదా అది మీ వేరే పేపర్‌తో తీరిపోతే, థీసిస్ మీ ఒక్కరి పేరుతో లోపలికి వెళ్తుంది, దేశంలోని థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగలో ఎక్కుతుంది, ఆ పని ఎవరిదో లోకానికి తెలిసిపోతుంది. తర్వాత అందులోంచి పేపర్ రాసుకోవచ్చు, థీసిస్‌లో ఉన్నదాన్ని పేపర్‌గా తీసుకోడానికి చాలా జర్నల్స్ అడ్డు చెప్పవు, మీరు పంపబోయే జర్నల్ పాలసీ ఒకసారి చదువుకోండి. గైడ్ గారితో "సార్ ముందు థీసిస్ చాప్టర్లు పూర్తి చేసేస్తాను, పేపర్ తర్వాత చూద్దాం" అంటే ఎవరూ తప్పు పట్టరు.

కోపంలో చేయకూడనిది ఒకటుంది, అది ఖచ్చితంగా చెప్పాలి. గైడ్‌కి చెప్పకుండా పేపర్ పంపకండి, ఆయన పేరు తీసేసీ పంపకండి, ఆయన పేరు పెట్టీ పంపకండి. మా చుట్టుపక్కల ఒక స్కాలర్ ఇలాంటి గొడవలోనే గైడ్ పేరు పెట్టి, తనే సృష్టించిన ఒక మెయిల్ ఐడీ ఆయనదని ఇచ్చి పంపాడు. పేపర్ యాక్సెప్ట్ కూడా అయింది. పబ్లిష్ అయ్యాక గైడ్‌కి ఎవరో చూపించారు, ఆయన ఎడిటర్‌కి రాశారు, జర్నల్ ఆ పేపర్‌ని రద్దు చేసేసింది. ఆ కుర్రాడి పని అంతా నిజమైనదే, డేటా అంతా నిజమైనదే, అయినా తప్పు అతని మీదే పడింది. చాలా బాధేసింది నాకు ఆ విషయం విని, ఎందుకంటే మొదట అన్యాయం జరిగింది అతనికే.

అలాగే జర్నల్‌కి కంప్లైంట్ పెడితే న్యాయం జరుగుతుంది అని కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పబ్లికేషన్ ఎథిక్స్ చూసే కమిటీ కోప్ అని ఉంది, 1997 నుంచి ఉంది, ఆథర్‌షిప్ గొడవల్లో ఎడిటర్లు ఎలా నడుచుకోవాలో వాళ్లు రాసి పెట్టారు. దాని ప్రకారం ఎడిటర్ తీర్పు చెప్పరు, మీ సంస్థనే విచారించి తేల్చమంటారు. అంటే తిరిగి తిరిగి మీ డిపార్ట్‌మెంట్‌కే వస్తుంది. అందుకే పంపకముందు తేల్చుకోవడం ముఖ్యం. పంపాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా ఆథర్లందరి సంతకాలూ, కారణం రాసిన లెటరూ అడుగుతారు. నాకు తెలిసిన ఒక పేపర్లో ప్రూఫ్ స్టేజ్‌లో, అంటే అచ్చుకి ముందు చివరి కాపీ దగ్గర, ఒక పేరు చేర్చమన్నారు, అప్పటికే ఒక కో-ఆథర్ ఉద్యోగం మారి మెయిల్‌కి దొరకలేదు, అతని సంతకం కోసం పేపర్ నెలల తరబడి అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయానమ్మా. "ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ పిల్లలు ఇద్దరు శాంపిల్స్‌కి హెల్ప్ చేశారు" అని రాసి వదిలేశారు. మీరు చెప్పిన ఆథర్ల లిస్టులో వాళ్ల పేర్లు లేవు. పని చేయని వాళ్ల పేర్లు ఎక్కించడం గురించి అందరం మాట్లాడతాం, పని చేసినవాళ్ల పేర్లు రాలిపోవడం గురించి ఎవరూ అడగరు, అడగాల్సిన పిల్లలకి అడిగే ధైర్యం ఉండదు.

మిర్చి పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పించి పైన, మధ్యలో, అడుగున అన్ని చోట్ల నుంచీ కాయ తీయాలి, ఎందుకంటే ఈ బూజు విషం సరుకంతా సమానంగా ఉండదు, ఒక కాయలో బోలెడుంటుంది, పక్క కాయలో ఏమీ ఉండదు. తర్వాత గ్రైండ్ చేస్తే ఆ ఘాటుకి మాస్క్ పెట్టుకున్నా ల్యాబ్ మొత్తం దగ్గే, కళ్లల్లో నీళ్లే. మిథనాల్లో ఎక్స్‌ట్రాక్షన్, ఫిల్టర్, కాలమ్‌లో క్లీనప్, ఒక్కో చుక్క పడేదాకా కాచుకుని కూర్చోవడం. ఈ పని ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరు ఎంత చేశారు? మీరు చెప్పిన శాంపిల్స్ మోసుకొచ్చి, లేబుల్స్ అంటించి, గ్రైండ్ చేసి ఇచ్చారంటే కృతజ్ఞతల్లో పేరు పెట్టి రాయండి, "ప్రాజెక్ట్ విద్యార్థులకు" అని గుంపుగా కాదు. అలా కాకుండా ఒక అమ్మాయి ఎక్స్‌ట్రాక్షన్లు తనే చేసి, రికవరీ తక్కువ వస్తోందని గమనించి సాల్వెంట్ నిష్పత్తి మార్చి చూసిందనుకోండి, ఆ డేటా మీ పట్టికలో ఉందనుకోండి, ఆ అమ్మాయికి ఆథర్ అయ్యే హక్కుంది. డ్రాఫ్ట్ ఇచ్చి చదివించి, అభిప్రాయం చెప్పించి, ఒప్పించుకుని పేరు పెట్టండి. "తను డ్రాఫ్ట్ రాయలేదు కదా" అని తప్పించడం కుదరదు, డేటా దగ్గర పని చేసినవాళ్లకి రాయడంలో పాలు పంచుకునే అవకాశం మనమే ఇవ్వాలని ఆ ఐసీఎంజేఈ వాళ్లే చెప్తారు.

ఇంకో లాభం కూడా ఉంది, అది కూడా ఆలోచించండి. ఆ అమ్మాయి పేరు కోసం మీరు గైడ్ దగ్గర మాట్లాడితే, పేర్ల లెక్క అంతా "ఎవరు పని చేశారు" అన్న ఒకే గీత మీదకి వస్తుంది. మీ స్వార్థం కోసం హెచ్ఓడీని వద్దంటున్నారన్న మాట రాదు.

హెచ్‌పీఎల్‌సీ (విషం ఎంతుందో కొలిచే యంత్రం) నడిపిన టెక్నీషియన్ గురించి కూడా అడుగుతారు చాలామంది. రేటు కట్టి శాంపిల్స్ ఇస్తే రీడింగ్స్ ఇచ్చారంటే అది సర్వీస్, కృతజ్ఞతలు చాలు. మీ శాంపిల్స్‌లో మిర్చి రంగు అడ్డొచ్చి గ్రాఫ్‌లో పీక్‌లు కలిసిపోతుంటే ఆయన కూర్చుని మొబైల్ ఫేజ్ (యంత్రంలో పారే ద్రావణం) మార్చి మెథడ్ నిలబెట్టారంటే అది వేరే సంగతి, ఆయన్ని వదలకూడదు.

ఈ గొడవ మళ్లీ రాకుండా, తర్వాతి పేపర్‌కి మాత్రం పని మొదలైన వారంలోనే ఒక చిన్న మెయిల్ పెట్టుకోండి. "సార్, ఇవాళ మనం మాట్లాడుకున్నట్టు ఈ పనిలో ఐడియా మీది, శాంపిల్స్, ఎనాలిసిస్ నావి, ఎక్స్‌ట్రాక్షన్ ఫలానా అమ్మాయిది. పని మారితే పేర్లు మళ్లీ చూసుకుందాం సార్" అని నాలుగు లైన్లు చాలు. నా దగ్గర చేరే స్కాలర్స్ అందరితో నేను ఇదే చేయిస్తాను, వాళ్లే రాస్తారు, నేను "సరే" అని రిప్లై ఇస్తాను. మొదట్లో మొహమాటపడతారు, తర్వాత అలవాటైపోతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఐదు నెలలు కదలకపోవడం విసుగే గానీ అసాధారణం కాదు, రివ్యూ చేసేవాళ్లు దొరక్క ఎడిటర్లు కూడా అవస్థ పడుతుంటారు. కానీ ఒకే పేపర్ ఒకే టైమ్‌లో రెండు జర్నల్స్‌లో ఉండటం తప్పు కిందే లెక్క, సబ్మిట్ చేసేటప్పుడు "ఇది ఇంకెక్కడా పరిశీలనలో లేదు" అని మీరు టిక్ పెట్టే ఉంటారు. దొరికితే రెండు చోట్లా తీసేస్తారు, ఒక్కోసారి రెండు జర్నల్స్ వాళ్లూ ఒకే రివ్యూవర్‌కి పంపుతారు, అప్పుడు ఆ ఒక్క మెయిల్‌తోనే బయటపడిపోతుంది.

చేయాల్సింది ఏంటంటే, ఎడిటర్‌కి మర్యాదగా చిన్న మెయిల్. మాన్యుస్క్రిప్ట్ నంబర్, పంపిన తేదీ, "ఏ దశలో ఉందో తెలియజేయగలరా" అన్న ఒక వాక్యం, ధన్యవాదాలు. థీసిస్ డేట్ దగ్గర పడిందని ఒక మాట కలిపినా తప్పులేదు, బతిమాలకండి, బెదిరించకండి. రెండు మూడు వారాలు చూసి జవాబు లేకపోతే ఇంకొకటి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే గైడ్‌తో, కో-ఆథర్లందరితో మాట్లాడి, వెనక్కి తీసుకుంటున్నామని రాసి, తీసేశామని వాళ్ల నుంచి కన్ఫర్మేషన్ వచ్చాకే ఇంకోచోట పెట్టండి. ఆ మెయిల్ దాచుకోండి.

వెనక్కి తీసుకుంటామనగానే "విత్‌డ్రాయల్ ఫీజు ఇన్ని డాలర్లు కట్టండి" అని మెయిల్ వస్తే మాత్రం అది డబ్బు కోసం పెట్టిన జర్నల్ అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. రూపాయి కూడా కట్టకండి. స్కోపస్ అనే జర్నల్ ఇండెక్స్ సోర్స్ లిస్టులో ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబర్‌తో వెతికి చూడండి, జర్నల్ పేరుతో కాదు, పేరు కాపీ కొట్టి నకిలీ సైట్లు నడిపేవాళ్లున్నారు. యూజీసీ ఒప్పుకున్న జర్నల్స్ లిస్టు, అదే కేర్ లిస్టులో ఉండేది కదా అని ఎవరైనా అన్నా నమ్మకం పెట్టుకోవద్దు, ఆ లిస్టుని యూజీసీ 2025లో ఆపేసింది, జర్నల్ మంచిదో కాదో చూసుకోవాల్సింది ఇప్పుడు మీరు, మీ యూనివర్సిటీ. అలాంటి మెయిల్ వస్తే లైబ్రరీలో పబ్లికేషన్స్ చూసే ఆయనకి చూపించండి, మీరు విత్‌డ్రా చేసుకుంటున్నట్టు తేదీతో ఇంకోసారి రాతపూర్వకంగా పంపండి, ఆ రెండు మెయిల్స్ ప్రింట్ తీసి గైడ్ గారి దగ్గర ఒక కాపీ ఉంచండి.